నేల ఋణము: ఒక గ్రంథవిమర్శ

మార్క్సు యంత్రములను మెచ్చినవాడే కాని నేలను, నీటిని తలచినవాడు కాడని చాలకాలము లోకమున నొక వాడుక యుండెను. ఆ మాటను ఖండించుటకై జాన్ బెల్లమీ ఫాస్టరు అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు 2000 సంవత్సరమున 'మార్క్సెస్ ఇకాలజీ' యను గ్రంథమును ప్రకటించెను. ప్రకృతినాశమును గూర్చి పలుకు సామ్యవాదులు పెక్కురు నేటికిని దీనిని ప్రమాణముగా గైకొనుచున్నారు. కావున దీని గుణదోషములను విచారించుట యుచితము.

ఇందు మిక్కిలి సారవంతమైనది లీబిగ్ ప్రసంగము. పైరు నేలనుండి నత్రజనిని, భాస్వరమును, పొటాషియమును గ్రహించును. పల్లెలో పండినది పల్లెలోనే తినినచో నా సారము పెంటరూపమున మరల చేనికి జేరును. ధాన్యము పట్టణమునకు బోయినచో నది మురుగుకాలువలబడి సముద్రము పాలగును. చేలో గొఱ్ఱెల మంద కట్టించు మన రైతునకు ఈ మాట వింతగా దోపదు. జర్మను రసాయనశాస్త్రజ్ఞుడగు లీబిగ్ ఈ కారణముననే ఆంగ్లేయుల సేద్యమును దోపిడి యనెను. మార్క్సు 1867లో వెలువడిన 'పెట్టుబడి' ప్రథమసంపుటమున నీ విషయమును గైకొని, పెట్టుబడిదారీ సేద్యము కూలివానినే గాక నేలను గూడ పీల్చునని వాదించెను. ఈ వాదమునకు ఫాస్టరు 'జీవక్రియలో చీలిక' యని పేరిడెను.

నేల బీదవడగా ఇంగ్లండు చేసిన దేమి? పెరూ తీరమునందలి చించా దీవులనుండి పక్షుల రెట్టను ఓడలకొలది తెప్పించుకొనెను. ఆ దుమ్ములో దానిని త్రవ్వినవారిలో చీనానుండి తేబడిన కూలీలు పెక్కురు. పిమ్మట 1909లో హేబరు గాలిలోని నత్రజనితో అమ్మోనియాను సాధించెను. అంతటితో చీలిక మానెనా? ఎరువు చేలనుండి కొట్టుకొనిపోయి చెరువులను, ఏరులను పాచిపట్టించుచున్నది.

ఇంతవఱకు గ్రంథము మనకు గురువు. అయితే ఫాస్టరు మార్క్సు నిర్దోషియని స్థాపించుటకు ఎపిక్యూరసు మొదలుకొని పుటలకు పుటలు వెచ్చించెను. అడుగవలసిన ప్రశ్న వేఱు. సొంతయాస్తి తొలగిన దేశమున నేమి జరిగెను? సోవియట్టు ప్రభుత్వము 1960 ప్రాంతమునుండి అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని ప్రత్తిచేలకు విరివిగా మఱల్చెను. విస్తీర్ణమున ప్రపంచమున నాలుగవదైన ఆరల్ సరస్సు ఎండిపోయి 1987 నాటికి రెండుగా చీలెను. పడవలు ఇసుకపై నిలిచిపోయెను. ఉప్పును, పురుగుమందులును కలిసిన ధూళి గ్రామములపై వీచెను. ఇది షాహుకారు లాభమునకై జరిగినది కాదు, ప్రణాళికలోని ప్రత్తిలెక్కకై జరిగినది. ఆ లెక్క వ్రాసినపుడు జాలరి నడిగినవారు లేరు. కాదనగల శాస్త్రజ్ఞులకు అంతకుముందే భయము పట్టియుండెను. వావిలోవు 1943లో చెఱలోనే మరణించెను. ఈ శాస్త్రజ్ఞుల వినాశమును ఫాస్టరు ఎఱుగనివాడు కాడు. కాని దానిని గ్రంథాంతమున కొలది పుటలతో సరిపెట్టెను. నా యభిప్రాయమున గ్రంథము అచ్చటనే మొదలుకావలసినది.

ప్రపంచబ్యాంకు ఋణసహాయముతో కజకస్తాను 2005లో ముగించిన ఆనకట్టచే సరస్సు ఉత్తరభాగమున నీరును, చేపలును కొంతవఱకు మరలివచ్చినవి. ఋణమిచ్చినవారు సామ్యవాదులు కారు. ఫాస్టరు ననుసరించువారు దీనికేమి చెప్పుదురో వినవలసియున్నది.