మేఘంలా తిరిగే చదువు

1167లో వాంగ్ చోంగ్‌యాంగ్ తన గుడిసెకు తానే నిప్పుపెట్టి తూర్పుదారి పట్టాడు. అంతకుముందు చైనాలోని చోంగ్‌నాన్ కొండల దగ్గర సమాధిలాంటి గొయ్యి తవ్వుకుని, కొన్నేళ్లు అందులోనే తపస్సు చేసినవాడాయన. అన్నీ వదిలి కాలినడకన షాండాంగ్ చేరాడు. అక్కడ దొరికిన ఏడుగురు శిష్యులతోనే తావో సంప్రదాయంలో క్వాన్‌జెన్ శాఖ నిలబడింది.

ఆయన పేరిట సాధకులకు పదిహేను నియమాలున్నాయి. మొదటిది ఆశ్రమవాసం, రెండోది మేఘంలా సంచారం. పుస్తక పఠనం ఆ తర్వాతే. అక్షరాల్లో చిక్కుకోవద్దు, భావం అందగానే పుస్తకం పక్కనపెట్టమంటాడు. లావోజు రాసినట్టు చెప్పే 81 అధ్యాయాల చిన్న గ్రంథాన్ని ఒక పూటలో చదివేసి తావో తెలిసిపోయిందనుకునే రోజుల్లో, ఈ వరుసను గట్టిగా గుర్తుచేసుకోవాలి.

సంచారంలోనూ రెండు రకాలు చెప్పాడు. కొండల అందాలు, పూలతోటలు, పట్నాల సందడి చూసుకుంటూ, స్నేహితులను కలుసుకుంటూ తిరిగేది మొదటిది. ఎంత దూరం పోయినా దానివల్ల మనసు చెదురుతుంది, ఒంట్లో సత్తువ పోతుంది, అంతే. రెండోది జ్ఞానులను వెతుక్కుంటూ వెళ్లడం. ఫలానా శిఖరం మీద గురువున్నాడని వింటే దారి ఎంత ప్రమాదమైనా ఎక్కాలి, సందేహం అడగాలి. నిజమైన సంచారం ఇదేనన్నాడు. కాళ్లు పడే కష్టం రెండింటిలోనూ ఒకటే. బయల్దేరేటప్పుడు మనసులో ఉన్న ప్రశ్నే తేడా.

ఇది ఒట్టి ఉపదేశం కాదు, ఒంటితో చేసే సాధన. కళ్లు మూసుకుని కూర్చోవడం ధ్యానమే కాదంటాడు వాంగ్. నడుస్తున్నా, నిలబడినా, పడుకున్నా మనసు కొండలా కదలకుండా ఉండాలి. హూబే రాష్ట్రంలోని ఊదాంగ్ కొండల్లో, 1612 మీటర్ల ఎత్తున 1416లో కట్టిన బంగారు పూత కంచు మందిరానికి రాతిమెట్ల దారి ఉంది. ఆ దారిలో ఆ మాట పరీక్షకు వస్తుంది. తొందరపడితే ఊపిరి ఎగిసిపడుతుంది. ఊపిరిని బొడ్డు కిందికి దిగనిచ్చి, దానికి సరిపడా అడుగు వేస్తే నడక కుదురుకుంటుంది. ఆ కొండల్లో నేర్పే నిలుచునే సాధన కూడా ఇలాంటిదే. మోకాళ్లు కొద్దిగా వంచి, చెట్టు బోదెను వాటేసుకున్నట్టు చేతులు పెట్టి కదలకుండా ఉండాలి. కాసేపటికే తొడలు వణుకుతాయి. భుజాల్లో, దవడలో అక్కర్లేని బిగువెంత ఉందో అప్పుడే తెలుస్తుంది. తావో సాధకులు ‘వూవెయ్’ అనే బలవంతం లేని పనికి ఆ బిగువు వదలడమే తొలిమెట్టు. చదివితే ఇది మాటగానే ఉండిపోతుంది.

వాంగ్ శిష్యుల్లో ఎక్కువ దూరం వెళ్లినవాడు చియు చూజీ. గురువు పోయాక పాన్‌షీ అనే చోట గుహలో ఆరేళ్లున్నాడు. ఒంటిమీద గడ్డి గొంగడి, పూటకు భిక్ష. డెబ్బై దాటాక చెంఘిజ్ ఖాన్ పిలుపు అందుకుని ఎడారులు, మంచుకొండలు దాటి 1222లో హిందూకుష్ దగ్గర ఆయన్ను కలిశాడు. శిష్యుడు లీ జిచాంగ్ ఆ ప్రయాణాన్ని గ్రంథంగా రాశాడు. చావు రాకుండా చేసే మందు తెచ్చావా అని ఖాన్ అడిగితే, ఆయుష్షును కాపాడుకునే పద్ధతులున్నాయి గానీ అలాంటి మందు లేదని చియు నేరుగా చెప్పేశాడు. అంత దూరం పిలిపించుకున్న చక్రవర్తి ముందు ఆ నిజం చెప్పడానికి గుహ, దారి, ఆకలి అన్నీ పనికొచ్చాయని నేను నమ్ముతాను. మరుసటి ఏడాది వేటలో గుర్రం మీంచి పడిన ఖాన్‌కు, ఈ వయసులో వేట తగ్గించుకోమనీ చెప్పాడు. ఖాన్ రెండు నెలలపాటు వేటకు వెళ్లలేదు.