మనస్సు – పదార్థం: రెండు పొరపాట్లు

తమలపాకు, వక్క, సున్నం కలిస్తే, విడివిడిగా వేటిలోనూ లేని ఎరుపు పుడుతుంది. చైతన్యమూ అలాగే భూతాల కలయికవల్ల పుడుతున్నదని లోకాయతులు వాదించారు.

దీనికి భావవాదుల జవాబు ఒకటి ఉన్నది: మెదడు వీణ, ఆత్మ వైణికుడు, వీణ చెడితే పాట ఆగుతుంది గాని వైణికుడికేమీ కాదు! అయితే వైణికుడికి పాటైనా జ్ఞాపకం ఉండాలి కదా? 1953లో అమెరికాలో మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేస్తూ, ఒక రోగి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌ను చాలావరకు తొలగించారు. ఆ తరువాత 2008లో మరణించేవరకు అతనికి కొత్త సంగతులు దాదాపు ఏవీ జ్ఞాపకం నిలవలేదు.

ఇక యాంత్రిక భౌతికవాదులది మరొక పొరపాటు. కాలేయంనుంచి పైత్యరసం వంటిదే మెదడునుంచి ఆలోచన అన్నాడు 19వ శతాబ్దంలో కార్ల్ ఫోగ్ట్. పైత్యరసాన్ని గిన్నెలో పట్టవచ్చు. ఆలోచన ద్రవ్యం కాదు. మెదడు చేసే పని. ఆ పని సంఘజీవితంలో సాగుతుంది, తిరిగి మెదడునే మారుస్తుంది. లండన్ టాక్సీ డ్రైవర్లు వేలాది వీధులను ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు. ఆ పరీక్ష నెగ్గినవారి హిప్పోకాంపస్ వెనుకభాగం పెరిగిందనీ, నెగ్గనివారిలో ఆ మార్పు లేదనీ 2011లో వెలువడిన పరిశోధన చూపింది.

కనుక మనస్సుకు పదార్థమే ఆధారమని ఒప్పుకున్నంతమాత్రాన మనిషి పుట్టుకకు బానిస కాడు. ఫలానా కులం పిల్లలకు చదువు తలరాతలోనే లేదనేవారికి విజ్ఞానశాస్త్రం మద్దతు దొరకదు. ఆ పిల్లలకు తిండీ, బడీ అందాయా అన్నదే ముందుగా అడగవలసిన ప్రశ్న.