‘అభిలాష’ చిత్రంలో మరణశిక్ష: నిర్దోషి వాదం, దాని పరిమితి

యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1983లో వెలువడిన చిత్రం ‘అభిలాష’. మరణశిక్ష రద్దును కథానాయకుని ఆశయంగా నిలిపిన జనప్రియ చిత్రాలు తెలుగులో అరుదు. ఆ ఆశయాన్ని సమర్థించడానికి చిత్రం ఎన్నుకొన్న వాదమేది, అది ఎంతవరకు నిలుస్తుంది అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

కథానాయకుడు (చిరంజీవి) యువ న్యాయవాది. అతని తండ్రి చేయని నేరానికి ఉరికంబమెక్కాడు. భారత శిక్షాస్మృతి 302వ సెక్షన్ కింద విధించే మరణశిక్ష తొలగిపోవాలన్నది కొడుకు అభిలాష. ప్రసిద్ధ న్యాయవాది సర్వోత్తమరావు (రావు గోపాలరావు) సహకారంతో, ఒక శవాన్ని ఆధారంగా చేసుకొని, అతడు హత్యానేరాన్ని తనపై తానే మోపుకొంటాడు. శిక్ష పడిన తరువాత నిజం వెల్లడించి, న్యాయస్థానం నిర్దోషికి సైతం ఉరి విధించగలదని నిరూపించడం పథకం. కానీ నిజమెరిగిన పెద్ద న్యాయవాది కీలక సమయంలో ఆదుకోలేని స్థితిలో పడతాడు. కల్పించిన సాక్ష్యం అసలు సాక్ష్యమంత బలంగా నిలుస్తుంది. చిత్రం సాధించిన ప్రధాన విజయం ఇదే. సాక్ష్యం మనుషుల మీద ఆధారపడినది కాబట్టి తీర్పు తప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుందనీ, ఉరి అమలైతే ఆ తప్పును దిద్దే దారి లేదనీ కథాగమనమే చెబుతుంది.

ఈ వాదానికి సమకాలీన న్యాయచర్చలోనూ చోటుంది. బచన్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం 1980లో మరణశిక్ష రాజ్యాంగబద్ధతను సమర్థిస్తూనే, దానిని అత్యంత అరుదైన కేసులకు పరిమితం చేసింది. జస్టిస్ పి.ఎన్. భగవతి భిన్నాభిప్రాయ తీర్పు 1982లో వెలువడింది. దిద్దరాని పొరపాటుకు గల అవకాశం అందులో ఒక ముఖ్యాంశం. మరుసటి ఏటి చిత్రం అదే అంశాన్ని సామాన్య ప్రేక్షకునికి చేరువ చేసింది.

అయితే ముగింపులో అసలు దోషులు బయటపడి నాయకుడు బతికిపోతాడు. ప్రేక్షకుని ఊరట నిర్దోషి బతికినందుకే పరిమితమవుతుంది. బయటపడిన దోషులకు ఉరి తగునా అని అడగడానికి కథానిర్మాణంలో చోటు లేదు. ఇలాంటి పథకమే ఇతివృత్తంగా ఫ్రిట్జ్ లాంగ్ 1956లో ‘బియాండ్ ఎ రీజనబుల్ డౌట్’ తీశాడు. అందులో నిర్దోషిగా నటిస్తున్నాడనుకొన్న నాయకుడే చివరకు హంతకుడని తేలుతుంది. అంతదాకా అతని పట్ల సానుభూతి చూపిన ప్రేక్షకుడు దోషి ప్రాణం గురించి కూడా ఆలోచించక తప్పదు. ‘అభిలాష’ నాయకుని నిష్కళంకుణ్ణి చేసి ఆ ఇబ్బందిని తప్పించుకొంది.

తెలుగు సమాజానికి ఆ ఇబ్బంది అప్పటికే తెలుసు. ఆదిలాబాద్ జిల్లా రైతాంగ విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబర్ 1న, అత్యవసర పరిస్థితి కాలంలో, ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఖమ్మం జిల్లా వేంసూరు నియోజకవర్గ శాసనసభ్యుడు. వారి ప్రాణాలకోసం సాగిన ఉద్యమంలో, నేరం చేశారా లేదా అన్న మీమాంసను మించి, రాజకీయ విశ్వాసంతో చేసిన చర్యకు ప్రాణం తీసే అధికారం రాజ్యానికి ఉందా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఎనిమిదేళ్లలోపే వచ్చిన ‘అభిలాష’ ఆ ప్రశ్నను పక్కనపెట్టి, ఎవరూ కాదనలేని నిర్దోషి పక్షాన్ని ఎన్నుకొంది.

ఈ ఎన్నిక వల్ల చిత్రానికి విస్తృతమైన అంగీకారం లభించింది. వాదం మాత్రం సగమే పూర్తయింది. పొరపాటు జరగవచ్చు గనుక ఉరి వద్దంటే, నేరం నిస్సంశయంగా రుజువైన చోట ఆ అభ్యంతరానికి బలం తగ్గుతుంది. ‘అభిలాష’ నాయకుని తండ్రికి ఈ వాదం వర్తిస్తుంది. భూమయ్య, కిష్టాగౌడ్‌ల విషయంలో అది ఒక్కటే చాలదు. మరణశిక్షపై తెలుగు కథనాల అధ్యయనం ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన ఉంచి సాగినప్పుడే చిత్రం విలువా, దాని మౌనమూ ఒకేసారి తెలుస్తాయి.