టెస్టు ఆడని వ్యాఖ్యాత

హర్షా భోగ్లే 1961లో హైదరాబాద్‌లో ఒక మరాఠీ కుటుంబంలో పుట్టారు. ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్, ఆపైన అహ్మదాబాద్ ఐఐఎం. క్రికెట్ ఆడింది నగరంలోని ‘ఎ’ డివిజన్ లీగ్, విశ్వవిద్యాలయ జట్టు వరకే. పంతొమ్మిదో ఏట హైదరాబాద్ ఆకాశవాణిలో మైకు పట్టారు. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడి ఏబీసీ రేడియో ఆయన్ను వ్యాఖ్యానానికి పిలిచింది. భారతీయ వ్యాఖ్యాతకు అలాంటి పిలుపు అదే మొదటిది. 1995 నుంచి ఈఎస్‌పీఎన్ ఆయన్ను ఇంటింటికీ చేర్చింది.

రేడియోలో వ్యాఖ్యాత చెబితేనే ఆట. టీవీలో బంతి ఎటు పోయిందో ప్రేక్షకుడికే కనబడుతుంది. ఎందుకు పోయిందో తెలియాలి. అందుకే భోగ్లే పనితనమంతా ప్రశ్నలో ఉంది. పక్కన కూర్చున్న మాజీ ఆటగాడికి తెలిసినదాన్ని అతని నోట రప్పించడం చిన్న విద్య కాదు.

2016 టీ20 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్‌పై భారత్ ఒక్క పరుగుతో గట్టెక్కిన రోజున, మన వ్యాఖ్యాతలు అవతలివాళ్ల గురించే ఎక్కువ మాట్లాడుతున్నారని అమితాబ్ బచ్చన్ ట్వీట్ చేశారు. పేరు చెప్పలేదు. ధోనీ దాన్ని సమర్థించారు. ఇంగ్లిష్ ప్రసారం అన్ని దేశాలకూ వెళ్తుందని, ఒక జట్టు పక్షాన మాట్లాడడం కుదరదని భోగ్లే వివరించారు. ఆ మాట న్యాయమైనదే. కొద్ది రోజులకే ఐపీఎల్ వ్యాఖ్యాతల జాబితాలో ఆయన పేరు లేకుండా పోయింది. కారణం తనకెవరూ చెప్పలేదని ఆయన రాసుకున్నారు. తర్వాతి కాలంలో మళ్లీ ఆ మైకు ముందుకు వచ్చారు.

2019 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో భారత్ తొలి గులాబీ బంతి టెస్టు. బంగ్లాదేశ్ బ్యాటర్ల హెల్మెట్లకు బంతులు తగిలాయి. బంతి సరిగా కనబడుతోందా అని ఆటగాళ్లను అడగాలన్నారు భోగ్లే. అడగాల్సింది మీరే, ఆడినవాళ్లకు ఆ అవసరం లేదన్నట్టు పక్కనున్న మాజీ ఆటగాడు సంజయ్ మంజ్రేకర్ ప్రత్యక్ష ప్రసారంలోనే తేల్చేశారు. ఆడిన అనుభవం నేర్చుకోవడానికి హద్దు కాకూడదని భోగ్లే జవాబు. అక్కడ ప్రశ్నే సరైనది: బంతి కనబడిందో లేదో చెప్పాల్సింది క్రీజులో నిలబడ్డవాడు. అలా అనడం తన తప్పేనని మంజ్రేకర్ తర్వాత ఒప్పుకున్నారు.

2022 సెప్టెంబర్ 24న లార్డ్స్‌లో భారత బౌలర్ దీప్తి శర్మ ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ను నాన్‌స్ట్రైకర్ ఎండ్‌లో రనౌట్ చేసినప్పుడు, ఆ అవుట్‌ను తప్పుపట్టడాన్ని భోగ్లే ఇంగ్లిష్ సంస్కృతికి ముడిపెట్టారు. ఇంగ్లండ్ ఆటగాడు బెన్ స్టోక్స్ అభ్యంతరం చెప్పారు. అందరినీ ఒకే గాటన కట్టడం భోగ్లే చేసిన పొరపాటు. అవుట్ చట్టబద్ధమన్న మాట మాత్రం తిరుగులేనిది. సరిగ్గా వారానికి, అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన, క్రికెట్ నిబంధనలు రూపొందించే ఎంసీసీ సవరణ ఆ అవుట్‌ను అనుచిత ఆట నిబంధన నుంచి తీసి రనౌట్ నిబంధనలో చేర్చింది.