పిల్లల మాట వినిపించే పరికరమే పరికరం

గంజాం జిల్లా బడుల్లో గోడకు పెద్ద తెర ఉండడం ఇప్పుడు వింత కాదు. ఒడిశా ప్రభుత్వం ‘5టీ’ పథకం కింద ఉన్నత పాఠశాలల్లో స్మార్ట్ తరగతులు పెట్టించింది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే ‘దీక్షా’ యాప్‌లో పాఠం తెరుచుకుంటుంది. ఇవి రావలసినవే, వచ్చినందుకు సంతోషమే. కానీ తెర మీద వీడియో నడుస్తున్నంతసేపూ గది నిశ్శబ్దంగా ఉంటే, పిల్లలకు పాఠం ఎక్కిందని మనం నమ్మేస్తున్నాం. ఎక్కిందో లేదో తెలిపేది వాళ్ల మాటే.

తరగతిలో నేను ఎక్కువగా వాడేది ప్లికర్స్ కార్డులు. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, మాస్టారి ఫోను ఒక్కటి చాలు. ప్రతి కాగితం మీద నలుపు తెలుపు గుర్తు ఒకటి ఉంటుంది, దాని నాలుగు అంచులూ నాలుగు జవాబులు. తాము అనుకున్న జవాబు అంచు పైకి వచ్చేలా పిల్లలు కార్డు పట్టుకుంటారు. ఏ ఇద్దరి గుర్తూ ఒకటి కాదు కనుక పక్కవాడిది చూసి లాభం లేదు. ఫోను కెమెరా గది మీదుగా తిప్పితే ఎవరు ఏమనుకున్నారో తెలిసిపోతుంది.

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగాను. సగం మంది నాలుగో వంతే పెద్దదన్నారు. మూడు కన్నా నాలుగు పెద్దది కదా! వెంటనే సరిదిద్దకుండా, పక్కవాళ్లతో వాదించుకోమన్నాను. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. గదిలో తెలుగూ ఒడియా కలగలిసి గోల మొదలైంది. ‘‘ఒక అట్టు ముగ్గురు పంచుకుంటే ఎక్కువొస్తుందా, నలుగురు పంచుకుంటేనా?’’ అని ఒక అమ్మాయి గట్టిగా అడిగింది. మళ్లీ కార్డులు ఎత్తమంటే చాలా అంచులు మారాయి. నా వివరణ చేయలేని పని ఆ అట్టు చేసింది.

ఏ పరికరమూ లేకుండా కుదిరేది ఇంకొకటి ఉంది: ప్రశ్న అడిగాక ఆగడం. ఉపాధ్యాయులు జవాబు కోసం సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, లోతుగా వస్తాయనీ అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. వీడియో మాత్రం ఎవరి కోసమూ ఆగదు. దాన్ని ఆపే చెయ్యి మాస్టారిదే కావాలి.

ఆగి వినే ఈ విద్యకు గంజాంలోనే గురువు ఉన్నారు. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి 1880లో ఉపాధ్యాయుడిగా చేరారు. సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష రావాలని, సవరల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ భాషలో పాఠపుస్తకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. పని మొదలుపెట్టినప్పుడు ఆయన దగ్గర ఉన్నవి చెవులూ కాగితమూ మాత్రమే.

మన జేబులో రికార్డరే ఉంది. బరంపురం పట్టు మగ్గాల వీధుల పిల్లలు తాతను కూర్చోబెట్టి ఆయన పని మాటలు ఫోనులో పట్టుకొస్తే, తరగతిలో పడుగు, పేక, నాడె ఒక్కొక్కటీ విని రాసుకోవచ్చు. తెలుగు వాచకం తడబడుతూ చదివే పిల్లవాడికి వాడి గొంతు వాడికే వినిపిస్తే, ఎక్కడ ఆగాడో వాడే పట్టుకుంటాడు. రెండోసారి చదువు తేటపడుతుంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగుగా పెరిగే పిల్లలకు ఇది మరీ అవసరం. ఇంటి మాట బడిలో వినిపించినప్పుడు వాళ్లు నోరు విప్పుతారు.

కాబట్టి తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. కొత్త యాప్ ఏది వచ్చినా, దాన్ని వాడిన పీరియడ్ చివర ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పిల్లల గురించి నాకు నిన్న తెలియనిది ఏదైనా ఇవాళ తెలిసిందా? తెలిస్తే రేపూ వాడండి. తెలియకపోతే తెర ఆపి, పిల్లల చేత మాట్లాడించండి.