ఎవరి మాట, ఎవరి నోట? ప్రాథమిక బడిలో భావవ్యక్తీకరణ పాఠాలు

ప్రాథమిక బడిలో భాష నేర్పడమంటే వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అని ఉపాధ్యాయ శిక్షణలో నాలుగు మెట్లు చెబుతారు. మొదటి రెండు మెట్లకూ ఇప్పుడు కమ్యూనికేషన్ స్కిల్స్ అని పేరొచ్చింది. పేరు మారింది గానీ దాని వెనకున్న ఊహ మారలేదు. మాలవాడ, మాదిగవాడ పిల్లలకు ఇంట్లో మాట నేర్పేవాళ్లుండరు, వాళ్లకు బిడియం, నోరు తిరగదు, కనక బడే వాళ్లకు మాట ఇవ్వాలి. ఇదీ ఆ ఊహ. దయగా కనిపించే ఈ మాటలోనే అసలు పేచీ ఉందని మేం భావిస్తున్నాం.

స్వపరిచయం సంగతే చూద్దాం. ఈ పాఠాలన్నిటికీ అదే తొలి మెట్టు. లేచి నిలబడి పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, నాన్న చేసే పని, ఇల్లెక్కడో చెప్పాలి. మోతుబరి బిడ్డకు ఇవి అయిదు చిన్న వాక్యాలు. చెప్పులు కుట్టేవాని కూతురికి ఇవి ఒక్కొక్కటీ కులం బయటపెట్టే వాక్యాలు. ఇంటిపేరుతో కొంత తెలుస్తుంది, నాన్న పనితో ఇంకొంత, ఇల్లు కాలనీలో అనగానే మిగతాదంతా తెలిసిపోతుంది. ఆ పిల్ల నాలుగో వాక్యం దగ్గర ఆగిపోతుంది. 'ధైర్యం చాలదు' అని పంతులుగారు రాసుకుంటారు. వింటున్నవాళ్లెవరు, విన్నాక వాళ్లు తనతో ఎట్లా ఉంటారు అని అంచనా కట్టి, ఎంతవరకు చెప్పాలో తేల్చుకోవడం నైపుణ్యం కాదా మరి? ఏడేళ్ల పిల్ల దాన్ని ఏ శిక్షణా లేకుండా నేర్చుకొచ్చింది. లోపమని రాసుకున్నది ఆ తెలివినే.

ఈ చర్చ నల్లజాతి పిల్లల విషయంలో ఎప్పుడో వచ్చింది. 1960లలో అమెరికాలో కొందరు విద్యా మనస్తత్వవేత్తలు నల్లజాతి పేద పిల్లలకు భాషే సరిగా లేదని సిద్ధాంతం కట్టారు. భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1969లో రాసిన వ్యాసంలో దీన్ని తుత్తునియలు చేశాడు. హార్లెంలో ఎనిమిదేళ్ల కుర్రవాణ్ని ఒక పెద్దమనిషి ప్రశ్నలడిగితే ఒకటి రెండు మాటలకు మించి జవాబు రాలేదు. రెండోసారి అదే పెద్దమనిషి ఆలూ చిప్స్ తెచ్చాడు, కుర్రవాడి స్నేహితుణ్ని తోడు పిలిచాడు, తాను కూడా నేలమీదే కూర్చున్నాడు, బడిలో పలకకూడని మాటలు తానే ముందుగా పలికాడు. ఇక పిల్లలిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ మాట్లాడారు. కుర్రవాడు అదే, భాష అదే. మారింది కూర్చున్న ఎత్తు. మనవాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సిందొకటుంది. ఆ ప్రశ్నలడిగినాయన కూడా నల్లవాడే, హార్లెంలో పెరిగినవాడే. మన కులపు పంతులొస్తే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే నోరు విప్పుతారని మనలో చాలామంది అనుకుంటాం. కుర్చీ ఎవరు ఎక్కినా కుర్చీయే.

అంబేద్కర్ తన బడి రోజుల గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసింది చాలామందికి తెలుసు. తక్కిన పిల్లలు దాహమైతే పంతులు అనుమతి తీసుకుని కుళాయి తిప్పుకుని తాగేవారు. ఆయనకు అనుమతి ఒక్కటే చాలదు, ప్యూన్ వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూన్ లేని రోజు నీళ్లు లేవు. ఆ పిల్లవాడికి 'దాహమవుతోంది' అనే వాక్యం రాకనా? భావాన్ని ఎంత స్పష్టంగా వ్యక్తం చేసినా కుళాయి తిరగని బడి అది. భావవ్యక్తీకరణను ఒక్క చెప్పేవాడి సామర్థ్యంగా లెక్కగట్టే ఏ పాఠ్యప్రణాళికా ఈ ఘట్టాన్ని వివరించలేదు.

ఇక ఉచ్చారణ. వాడ పిల్ల 'బాస' అంటే తప్పు, 'కత' అంటే నవ్వు. ఒత్తక్షరాలు అచ్చ తెలుగు సొత్తు కావు, ఎక్కువభాగం సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోవి. పై తరగతుల్లో ప్రకృతి-వికృతుల కింద భాషకు బాస, కథకు కత అని రాస్తే మార్కులు కూడా పడతాయి. కావ్యంలో వికృతి, వాడలో వికారం! గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల చదువు కోసం పాటుపడ్డాడు, ఆ గౌరవం ఆయనకు ఎప్పుడూ ఉంటుంది. కానీ వాడుకభాషా ఉద్యమం చివరికి గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని. ఆ శిష్టుల్లో మన తాతలు లేరు.

నిజానికి ఊరికి కబురు చెప్పింది ఎవరు? డప్పు కొట్టి చాటింపు వేసింది మాదిగ. చావు కబురు మోసుకుని పొరుగూళ్లకు నడిచింది మాల మాదిగలు, అదీ వెట్టికి. ఎక్కడ ఆగాలో, ఎంత గొంతెత్తాలో, ఏ మాట ముందు చెప్పాలో వాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయితే ఆ కబురు వాళ్లది కాదు. ఊరి పెద్ద చెప్పమన్నది చెప్పాలి, తన గోడు అదే డప్పు మీద వేయకూడదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టి, ఆ ఉద్యమం దండోరాగా పేరు తెచ్చుకున్నప్పుడు ఈ లెక్క తిరగబడింది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఎట్లా ఉన్నా, డప్పు కొట్టేవాడు తన కబురు తానే చాటుకోవడం చిన్న మార్పేమీ కాదు.

బడి మాత్రం ఇంకా పాత చాటింపు దగ్గరే ఉంది. ఆగస్టు 15 ఉపన్యాసం పంతులు రాసిస్తాడు, పిల్ల అప్పజెబుతుంది. అతిథికి స్వాగత వచనాలూ అంతే. బాగా అప్పజెప్పిన పిల్లకు బహుమతి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మాధ్యమం ఉత్తర్వు వచ్చినప్పుడు మాతృభాష పేరుతో దాన్ని ఎదిరించినవాళ్లలో తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపుతున్నవాళ్లు ఎంతోమంది. మన పిల్లలకు ఇంగ్లీషు కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అప్పజెప్పడం ఇంగ్లీషులో సాగినంత మాత్రాన మాట సొంతమవదు. 'మై ఫాదర్ ఈజ్ ఎ' తర్వాత కూడా ఆ పిల్ల ఆగిపోతుంది.

మాట్లాడడం అనే మెట్టులో అడగడానికి చోటుండాలి. మంచినీళ్ల కుండ దగ్గర వరస ఎందుకట్లా ఉంది, మధ్యాహ్న భోజనంలో ఈ రోజు గుడ్డెందుకు లేదు, ఊడ్చే వంతు ఎప్పుడూ మాకే ఎందుకొస్తోంది అని మూడో తరగతి పిల్లలు హెడ్మాస్టరును అడగాలి, ఆయన వాళ్ల ఎదురుగా జవాబు చెప్పాలి. ఎంత చక్కగా అడిగిందని పిల్లకు గ్రేడు వేయడానికి రిజిష్టర్లో గడి ఉంది. జవాబొచ్చిందా, ఎన్నాళ్లకొచ్చింది అని రాయడానికి ఇంకొక గడి కొట్టమని మేం అడుగుతున్నాం.