నూట ఐదా, నూట పదా?

బయటి దేశాల్లో పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్ల తగువంతా ఏ సంవత్సరం బండి అన్న దగ్గరే. పోర్షే 911 ఇంజను 1998 ప్రాంతం దాకా గాలికి చల్లబడేది, ఆ తర్వాత నీళ్లకు మారింది. ఆ గీతకు అవతల కొనాలా, ఇవతల కొనాలా అని పాతికేళ్లకు పైగా కొట్టుకుంటూనే ఉన్నారు. బెజవాడలో మనకు ఆ బాధ లేదు. ఇక్కడ ఉద్యోగం చేసుకునే కుర్రాడు సెకండ్‌హ్యాండ్‌లో ‘పికప్ ఉన్న బండి’ కావాలని వెతికేది, వెనక అమ్మానాన్నలు కూర్చోడానికి సీటు కూడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీని. అయితే దానికీ ఒక గీత ఉంది. 2020 ఏప్రిల్ 1, బీఎస్ 6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చిన రోజు.

గీతకు ముందుది 2013 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటి ఢిల్లీ షోరూమ్ ధర 7.99 లక్షలు. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 105 పీఎస్ పవరు, 175 ఎన్ఎం టార్కు, ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్సు. గీత దాటాక వచ్చిన జీటీలో ఇంజను లీటరుకు తగ్గింది, సిలిండర్లు మూడయ్యాయి, పవరు మాత్రం 110కి పెరిగింది. టార్కు అదే 175. గేర్‌బాక్సు ఆరు గేర్ల మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. రెండూ పుణె పక్క చాకణ్‌లో తయారైనవే, 2022లో రెండో దాని కథా ముగిసింది. బయటి నుంచి చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కాగితం మీద కొత్తదే గెలిచినట్టు కనిపిస్తుంది: వయసు తక్కువ, ఐదు గుర్రాలు ఎక్కువ.

నా లెక్క ముందే చెప్పేస్తాను. నడపడానికి పాతదే మంచి కారు. కొనడానికి కొత్తదే మంచి బేరం, అదీ బెజవాడలో అయితే.

పాతది ఎందుకు మంచి కారో గన్నవరం దాటాక జాతీయ రహదారి మీద తెలుస్తుంది. లారీని దాటబోతూ కాలు నొక్కితే గేరు మారిన జాడే ఉండదు. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి దిగుతుంది, బండి మాత్రం ఆగకుండా లాగుతూనే ఉంటుంది. డీఎస్‌జీలో క్లచ్‌లు రెండు. ఒకటి బేసి గేర్లకు, ఇంకొకటి సరి గేర్లకు. మూడో గేరులో పోతుండగానే నాలుగోది పక్కన సిద్ధంగా ఉంటుంది, ఒక క్లచ్ వదిలే క్షణంలోనే రెండోది పట్టుకుంటుంది. నాలుగు సిలిండర్లు కాబట్టి ఇంజను కూడా నునుపు. కొత్తదానిలో మూడు సిలిండర్ల గరగర బండి స్టార్ట్ చేయగానే స్టీరింగ్‌లోకి కొద్దిగా వస్తుంది. వేగం అందుకున్నాక తగువేమీ లేదు, కానీ కాలు నొక్కాక కొత్త ఆటోమేటిక్ ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణమే రెండు బళ్లకూ ఉన్న తేడా అంతా. కంపెనీ చెప్పిన మైలేజీలోనూ పాతదే కాస్త మెరుగు: లీటరుకు 17.21 కిలోమీటర్లు, కొత్త ఆటోమేటిక్‌కు 16.47.

మరి పాతదే కొనమని ఎందుకు అనడం లేదు? ఎందుకంటే మన రోజులన్నీ గన్నవరం అవతల గడవవు. బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి మీదుగా సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి. బండి పది అడుగులు కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ పది అడుగులు. అలా పాకించినంతసేపూ డీఎస్‌జీ తన క్లచ్‌ని సగం పట్టీ సగం వదిలీ నడుపుతుంది. ఈ గేర్‌బాక్సులో ఉన్నవి పొడి క్లచ్‌లు, నూనెలో మునిగి చల్లబడేవి కావు. రాపిడికి పుట్టిన వేడి పోవడానికి గాలే దిక్కు. రోహిణి కార్తెలో ఆ గాలి ఎంత చల్లగా ఉంటుందో మనకు తెలియనిది కాదు. ప్లేట్లు అరిగితే మొదటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణుకుతుంది. ఇది ప్లేట్లు మార్చుకుంటే పోయే రోగమే. అసలు భయం మెకట్రానిక్ యూనిట్‌ది. గేర్లనూ క్లచ్‌లనూ ఆడించే కంప్యూటరూ, నూనె ఒత్తిడితో పనిచేసే వాల్వులూ కలిపిన పెట్టె అది, గేర్‌బాక్సుకే అతికి ఉంటుంది. అది పోతే బిల్లు వేలల్లో ఆగదు. ఇది మన ఊరి పుకారు కాదు. 2013లో చైనాలో ఇదే డీఎస్‌జీ తలనొప్పుల మీద 3.8 లక్షల పైచిలుకు బళ్లను కంపెనీ వెనక్కి పిలిచింది. వేడీ, తేమా, ట్రాఫిక్కూ కలిసిన ఊళ్లలో ఈ గేర్‌బాక్సుకు ఆయుష్షు తక్కువన్న మాట అప్పటి నుంచీ పాకింది.

జవహర్ ఆటోనగర్‌లో జర్మన్ బళ్లు చేసే మెకానిక్కులు దీనికి ఒక పరీక్ష చెబుతారు. “అన్నా, పొద్దున్నే చల్లబండి తోలి మురిసిపోవద్దు. మధ్యాహ్నం ఏసీ వేసి బెంజి సర్కిల్ కింద అరగంట ఆడించు. అప్పుడు స్కానర్ పెడదాం.” అరగంట పాకించిన బండి వేడెక్కి ఉంటుంది, క్లచ్ ఎంత అరిగిందో, ఎంత వేడెక్కుతోందో స్కానర్‌లో అంకెలుగా కనిపిస్తుంది. దాచుకున్న వణుకు ఏదన్నా ఉంటే అప్పటికే బయటపడుతుంది. ఏటవాలు ర్యాంపు మీద రివర్సు కూడా వేసి చూడమంటారు. అక్కడ క్లచ్ మీద బరువు పడుతుంది కాబట్టి జబ్బు దాగదు. కొత్తదాని టార్క్ కన్వర్టర్‌కు ఈ తంతు అక్కర్లేదు. అందులో ఇంజనుకూ గేర్లకూ నడుమ నూనే ఉంటుంది, పాకినా పెద్దగా అరిగేదేమీ లేదు. ఆలోచించే ఆ ఒక్క క్షణానికి దొరికే ప్రతిఫలం ఇదే.

మూడో దారి ఒకటి ఉంది, చాలామంది దాన్ని చూడరు. 2020 తర్వాత అదే లీటరు టర్బో ఆరు గేర్ల మాన్యువల్‌తోనూ వచ్చింది, కానీ దానికి జీటీ బిళ్ల పెట్టలేదు. అందుకని జీటీ కోసమే వెతికే కుర్రాళ్ల కళ్లకు అది ఆనదు. గేరు మన చేతిలో ఉంటే మూడు సిలిండర్లైనా ఉత్సాహంగానే ఉంటుంది, పోయే మెకట్రానిక్కూ లేదు. అవనిగడ్డ దాకా కరకట్ట మీద పోవాలంటే ఈ మూడింటిలో నేను తాళం తీసుకునేది దీనిదే. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో ఎదురుగా ట్రాక్టరు వస్తుంది. అలాంటి చోట ఏ గేరులో ఉండాలో బండిని అడగడం కంటే మనమే చెప్పడం నయం. ఇంకో మాట, నల్లరేగడి మీద వేసిన మన రోడ్లు కుంగి అలలు తేలుతాయి. ఏ సంవత్సరం పోలో అయినా ముందు సస్పెన్షన్ బుష్‌లు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

బిళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఆర్‌సీ చదవడం గురించి కాస్త. జీటీ అక్షరాలు అంగట్లో దొరుకుతాయి, ఏ పోలోకైనా అతికించుకోవచ్చు. పాతదాంట్లో అసలు టర్బో 1197 సీసీ, టర్బో లేని మామూలు పోలో 2018 దాకా 1198. ఒక్క సీసీ తేడా! కొత్తదాంట్లో ఆ ఒక్కటి కూడా లేదు. 110 పీఎస్ టర్బోదీ 999 సీసీయే, 76 పీఎస్ మామూలుదీ 999 సీసీయే. ఆర్‌సీ చూస్తే తేలదు, కాళ్ల దగ్గర చూస్తే తేలుతుంది. టర్బో లేని పోలో పెట్రోల్‌కు ఆటోమేటిక్ ఇవ్వలేదు. కాబట్టి రెండే పెడళ్లుంటే టర్బో అన్నమాట. క్లచ్ పెడల్ ఉంటే గేర్ రాడ్డు తల మీద ఆరు అంకెలున్నాయా, ఐదా చూసుకోండి.

పాతదానిలోనే ఏ సంవత్సరం అంటే, 2018-19 బళ్లకే నా ఓటు. కారణం ఇంజను కాదు, గడువు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. 2013 బండికి 2028లో మళ్లీ ఫిట్‌నెస్, రెన్యువల్ ఫీజు, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరుగుడు. తయారైన నెలా సంవత్సరం ఆర్‌సీలోనే ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీని కాక దాన్ని చూసి వయసు కట్టాలి, డిసెంబరు బండిని జనవరిలో అమ్మడం షోరూముల అలవాటు. నంబరు ప్లేటూ కొంత చెబుతుంది. ఏపీ 16 అని ఉంటే అది అప్పటి కృష్ణా జిల్లాలో 2019కి ముందు రిజిస్టరైన బండి. ఆ ఏడు నుంచి రాష్ట్రమంతటికీ ఒకే కోడ్‌గా ఏపీ 39 వచ్చింది. హైదరాబాద్ టీఎస్ బండి తక్కువకు వస్తుందని ఎగబడేవాళ్లు ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కలుపుకుని లెక్క చూసుకోవాలి. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ గురించి అడుగుతారు గానీ, ఆ విషయంలో రెండు బళ్లూ ఒకటే. రెండూ ఆ పెట్రోల్‌కు తగ్గ బళ్లు రావడం మొదలైన 2023 ఏప్రిల్‌కు ముందువే.

డీజిల్ జీటీ కూడా ఉంది. 250 ఎన్ఎం టార్కు, మాన్యువల్ గేర్లు, వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకు భలే బండి. బీఎస్ 6 రోజునే దాని ఆట కట్టింది. దాని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం.

ఇంతకూ బెజవాడలో అన్నిటికంటే పెద్ద సంవత్సరం ఏ ఆర్‌సీలోనూ ఉండదు. అది 2024. ఆ సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద పోయింది. సందుల్లో, సెల్లార్లలో నిలిపిన బళ్లు అద్దాల దాకా మునిగాయి. మునిగిన బండిని ఇన్సూరెన్సు కంపెనీ పూర్తి నష్టం కింద తీసుకుని వేలంలో అమ్మితే, ఎవరో కొని కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి మళ్లీ అంగట్లో పెట్టొచ్చు. అలాంటిదైతే 2021 బండి 2014 బండి కంటే అన్యాయం. టర్బో పైపులు, గేర్‌బాక్సు కంప్యూటరు, ఎయిర్‌బ్యాగు సెన్సర్లు ఒక్కరోజులో పోవు, ఆర్నెల్లకొకటి చొప్పున పోతాయి.

కొనేముందు సీటు బెల్టు చివరిదాకా లాగండి. రోజూ బయటకు రాని ఆ అడుగు పట్టీ మీద బురద గీత ఉంటే ఎంత కడిగినా పోదు. ముందు సీట్ల కింది పట్టాల బోల్టులకు తుప్పుందా, స్టెప్నీ గుంటలో సన్నని మట్టి ఉందా, ఫ్యూజుల పెట్టె లోపలి రాగి తీగల మొదళ్లు పచ్చబడ్డాయా చూడండి. 2024 సెప్టెంబరు నాటి ఇన్సూరెన్స్ పాలసీ, తర్వాతి ఏడాది పాలసీ రెండూ అడగండి. ఒకదానిలో నో క్లెయిమ్ బోనస్ ఉండి తర్వాతి దానిలో సున్నా అయిందంటే మధ్యలో క్లెయిమ్ జరిగిందన్నమాట. గీతలు పడితే చేసిందా, నీళ్లు చేరితే చేసిందా అన్నది షోరూమ్ సర్వీసు చరిత్రలో ఉంటుంది. “సింగిల్ ఓనర్ అండీ, డాక్టర్ గారి బండి, షోరూమ్ ట్రాక్ ఉంది” అనని ఆటో కన్సల్టెన్సీ మన ఊళ్లో అరుదు. ట్రాక్ తెప్పించమనండి. ఆలోగా ఆ డాక్టరు గారిల్లు ఏ పేటలో ఉందో మాటల్లో పెట్టి కనుక్కోండి.